కొండ దిగిన సరుకు

సీతంపేటలో సోమవారానికి ఉన్న విలువ ఆదివారానికి లేదు. ఆ రోజు అక్కడ వారపు సంత. చుట్టూ కొండల మీది గూడేల నుంచి సవరలు, జాతాపులు చీకటితోనే బయల్దేరి, భుజాన కావిళ్లతో, నెత్తిన గంపలతో దిగివస్తారు. పాలకొండ, కొత్తూరు వైపుల నుంచి వ్యాపారుల వ్యాన్లు, ఆటోలు ఎక్కివస్తాయి. ఒడిశా సరిహద్దు దగ్గరే కాబట్టి అటువైపు బేరగాళ్లూ దిగుతారు. పొద్దెక్కేసరికి రోడ్డుకి రెండు పక్కలా కాలు పెట్టే చోటుండదు.

శని, ఆదివారాల్లో ఆడలి వ్యూపాయింట్‌కీ మెట్టుగూడ జలపాతానికీ వచ్చే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కుటుంబాల్లో చాలామంది ఆదివారం సాయంత్రమే తిరుగుముఖం పడతారు. ఫొటోల్లో కొండలొస్తాయి, మబ్బులొస్తాయి, గెడ్డలో నీళ్లొస్తాయి. ఆ కొండల మీద ఏం పండుతుందో, అది ఎవరి చేతుల మీదుగా పట్నం చేరుతుందో తెలియాలంటే మాత్రం ఇంకో రాత్రి ఆగి సోమవారం పొద్దున్నే సంతలోకి నడవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కాగితాల మీద జిల్లా మారింది గానీ సంతకి రాకపోకల దారులు మాత్రం పాతవే.

ఉత్తరాంధ్రలో సంత అంటే ఎంత పాత వ్యవహారమో ఊళ్ల పేర్లే సాక్ష్యం. కోటబొమ్మాళికి పక్క మండలమే సంతబొమ్మాళి. ఒకటి కోట ఉన్న బొమ్మాళి, రెండోది సంత జరిగే బొమ్మాళి. కవిటి ఒకటుంటే సంతకవిటి ఇంకొకటి. జి.సిగడాం పక్కన సంతవురిటి ఉంది. రాజులూ జమీందార్లూ పోయారు, కోటలు మట్టిలో కలిశాయి. వారానికోసారి చెట్ల కింద చేరిన జనం మాత్రం పేర్లలో మిగిలారు.

సీతంపేట సంతని అసలు రూపంలో చూడాలంటే జూన్, జూలై నెలల్లో వెళ్లాలి. అది అనాస కాలం. కొండవాలు మీద చెట్ల నీడన, పోడు భూముల్లో పెరిగే కాయ ఇది. బాగా పండి, రసం కారుతూ, దగ్గరికెళ్లకముందే వాసన కొడుతుంది. కోసిన కాయల్ని కావిడికి రెండువైపులా గుత్తులుగా కట్టి, వెదురుబద్ద భుజాన వేసుకుని, పరుగులాంటి నడకతో దిగుతారు. ఆ నడకలో ఒక లెక్కుంది. బద్ద పైకి లేచినప్పుడు అడుగు పడాలి, కిందికి వంగినప్పుడు భుజం సర్దుకోవాలి. లయ తప్పితే బరువు రెట్టింపవుతుంది. కొత్తగా రోడ్లు పడిన గూడేల నుంచి ఆటోల్లో సరుకొస్తోంది. రోడ్డు చేరని గూడేలకి కావిడే దిక్కు.

కావిడి నేల మీద దిగీదిగకముందే బేరం మొదలవుతుంది.

"కావిడెంతకిస్తావు తాతా?"

తాత ఒక అంకె చెబుతాడు. బేరగాడు అందులో సగం చెబుతాడు.

"రాదు బాబూ. ఎంత దూరం మోసినాం!"

"అయితే తీసుకెల్లిపో మరి. కొండెక్కించు."

సంత మర్మమంతా ఆ చివరి మాటలోనే ఉంది. కొండ దిగిన సరుకు మళ్లీ కొండ ఎక్కదు. బరువు మోసి దించినవాడికి ఆ సంగతి తెలుసు. వ్యానుకి ఆనుకుని నిలబడ్డవాడికి ఇంకా బాగా తెలుసు. పొద్దున్న ఏడింటికి అమ్మేవాడి మాటకి కొంత బలముంటుంది. ఎండ ముదిరి, కాయ మెత్తబడుతూ, వ్యాన్లు ఒక్కొక్కటే నిండి కదులుతుంటే ఆ బలం కరిగిపోతుంది. మధ్యాహ్నం పూట మిగిలిన కావిళ్లకి కొనేవాడు చెప్పిందే ధర. ఇది ఎవరో ఒకరి దుర్మార్గం వల్ల జరిగేది కాదు. కాయ స్వభావం, దారి స్వభావం కలిసి చేసే పని. అందుకే తెలివైన బేరగాళ్లు సంత దాకా రానివ్వరు, కొండ దిగువన దారి మలుపులోనే నిలబడి, పోటీదారు కంటపడకముందే కావిడి దింపించేస్తారు. సంతలో పదిమంది ఉన్నచోట ధర పెరగొచ్చు. దారిలో ఒక్కడే ఉంటాడు.

ఇదే సంతలో ఇంకో మూల చింతపండు, పసుపు, కొండచీపుళ్లు అమ్మేవారి తీరు చూస్తే తేడా తెలిసిపోతుంది. వాళ్లలో ఆ ఆత్రం కనబడదు. ధర నచ్చకపోతే మూట ముడేసుకుని కూర్చుంటారు, లేదంటే తెలిసినవాళ్ల అరుగు మీద దాచి వచ్చే వారం చూసుకుంటారు. చింతపండు కుళ్లదు. పిక్క తీస్తే ధర పెరుగుతుంది కూడా, ఆ పని ఇంటిల్లిపాదీ తీరిక వేళ చేసుకునేదే. పసుపు కొమ్ముల్ని ఉడకబెట్టి ఎండబెట్టాక కదిలించే తొందరేమీ లేదు. కొండచీపురు గడ్డిని జనవరి, ఫిబ్రవరిల్లో కోసి కట్టలు కట్టి తెస్తారు. మైదానంలో ఇళ్లు ఊడ్చే మంచి చీపుళ్లలో చాలావరకు ఇలాంటి కొండలవే. ఒకే మనిషి జూన్‌లో అనాసతో వచ్చినప్పుడు బెదురుగా, మార్చిలో చింతపండుతో వచ్చినప్పుడు దర్జాగా కనబడతాడు. మనిషి మారలేదు, గంపలో సరుకు మారింది.

సర్కారు చేయి కూడా ఈ నిలవుండే సరుకు దాకానే చేరింది. గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనే ఆ సంస్థ, 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. చింతపండు, చీపుళ్లు, తేనె, కుంకుళ్లు, శీకాయ, కరక్కాయలు, అడ్డాకులు, ముషిణి గింజల వంటి అటవీ ఉత్పత్తుల్ని కొనడం, తన డిపోల్లో బియ్యం, పప్పు, ఉప్పు వంటివి అమ్మడం దాని పని. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ చిల్లర అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కును 1979 నాటి రెగ్యులేషన్ ఆ సంస్థకే ఇచ్చింది. చట్టం అలా ఉన్నా సంతలో ప్రైవేటు బేరగాళ్లూ కొంటూనే ఉంటారు. జీసీసీ ప్రకటించిన ధర కన్నా బయట ఎక్కువొస్తే గిరిజనులు అటే వెళతారు, తక్కువైతే డిపో మెట్లెక్కుతారు. ఆ విధంగా జీసీసీ ధర కింద నేలలాగా పనిచేస్తుంది. అనాసకి అలాంటి నేల లేదు. సీతాఫలానికీ లేదు. సెప్టెంబరు దాటాక గంపలకొద్దీ సీతాఫలాలు దిగేటప్పుడు అనాస కథే మళ్లీ నడుస్తుంది, పైగా ఈ పండు మెత్తబడితే సాయంత్రానికే చేతిలో చిదికిపోతుంది.

దిగే సరుకు సంగతి ఇది. ఎక్కే సరుకు వేరు.

సంత లోపలికి వెళ్లేకొద్దీ గాలి వాసన మారుతుంది. ఎండుచేపల వరస వచ్చిందని చూడకుండానే చెప్పొచ్చు. గోనెల మీద కుప్పలు పోసిన నెత్తళ్లు, కవ్వళ్లు, సావిడాయిలు. శ్రీకాకుళం తీరంలో ఎండినవి కొండకి చేరే తోవ ఇదే. కూర దొరకని రోజుల్లో చోడి అంబలికి, గంటె అన్నానికి ఎండుచేప ముక్కే ఆదరువు కాబట్టి, చేతిలో డబ్బు పడగానే ఆడవాళ్లు ముందుగా చేరేది ఈ వరస దగ్గరికే. పెద్ద చేపని ఎవరూ అడగరు. చిన్న చేపల కుప్ప నుంచి గుప్పెడు తీసి, వాసన చూసి, ఉప్పెక్కువుందో లేదో గోటితో గీకి, అప్పుడు ధర అడుగుతారు.

ఉప్పుకీ చేపకీ ఈ దారి ఎంతో పాతది. సంతబొమ్మాళి పక్కనే నౌపడ ఉప్పుమడులున్నాయి. రైళ్లూ రోడ్లూ లేని రోజుల్లో తీరం ఉప్పుని ఎద్దుల మీద వేసుకుని లంబాడీ వర్తకులు సాలూరు కనుమల మీదుగా జయపురం సంస్థానంలోకి వెళ్లి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చేవారు. 1900లో నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు పడింది. తర్వాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. ఆ బుల్లి పట్టాలు 2004లో మూతపడి, బ్రాడ్‌గేజి అయి 2011లో మళ్లీ తెరుచుకున్నాయి. ఎద్దు పోయి రైలు, రైలు తర్వాత వ్యాను వచ్చాయి. ఎక్కేది ఉప్పు, చేప, ఇనుము, బట్ట. దిగేది పండు, పసుపు, చింతపండు. ఈ మార్పిడి మాత్రం పెద్దగా మారలేదు.

ఇనుము వరసలో కత్తులు, గొడ్డళ్లు, బొరిగెలు, గునపాలు ఉంటాయి. కొనేవాడు కత్తిని వేలితో మీటి చప్పుడు విని, పదును కన్నా ముందు పిడి బిగువు చూస్తాడు. పక్కన పాత చొక్కాల కుప్ప, ప్లాస్టిక్ బిందెలు, పూసల దండలు, రబ్బరు చెప్పులు, ఫోను రీచార్జి బల్ల. మిఠాయి వరసలో జీళ్లు, పూసమిఠాయి, జంతికలు. పిల్లల్ని సంతకి తెచ్చినవాళ్లు అటు కన్నెత్తకుండా పోవడానికి నానా తంటాలు పడతారు. ఇంకో పక్క నాటుకోళ్లని కాళ్లు కట్టి వరసగా పడుకోబెట్టి ఉంచుతారు. కోడిని ఎత్తి, రొమ్ము నొక్కి, రెక్క విప్పి చూసి ధర చెప్పే పట్నం బాబుల్ని చూసి అమ్మే ముసలమ్మ నవ్వుకుంటుంది. వాళ్లు నొక్కింది ఎముక అని ఆవిడకి తెలుసు.

సోమవారమే సంత కావడంలో ఇంకో సౌకర్యం ఉంది. అర్జీలు తీసుకునే రోజు కూడా సోమవారమే. సీతంపేటలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, కార్యాలయం ఉంది. సరుకు అమ్మిన చేత్తోనే పట్టా గురించో, పింఛను గురించో, గెడ్డ మీద కల్వర్టు గురించో అర్జీ పట్టుకుని అటు నడుస్తారు. ఆసుపత్రి పనీ, బ్యాంకు పనీ ఆ రోజే. పెళ్లి మాటలూ ఆ రోజే. వేరే గూడెంలో ఇచ్చిన కూతుర్ని తల్లి చూసేదీ తరచుగా సంతలోనే. ఇద్దరూ తలో గంప దించుకుని, అమ్మకం సగంలో ఆపేసి, చెట్టు మొదట్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే బేరగాడు ఎంత పిలిచినా పలకరు. చైనాలోని సిచువాన్ పల్లెల్ని చదివిన అమెరికా పండితుడు విలియం స్కిన్నర్ 1964లో రాసింది ఇదే. పల్లెటూరి మనిషి లోకానికి హద్దు అతని ఊరు కాదు, అతను వెళ్లే సంత అని ఆయన తేల్చాడు. చుట్టాలూ, స్నేహాలూ, అప్పులూ, కబుర్లూ అన్నీ ఆ హద్దులోనే తిరుగుతాయి. సిచువాన్ దాకా పోకుండానే ఆ మాటకి రుజువు సీతంపేటలో దొరుకుతుంది.

ఆ జాబితాలో అప్పులున్నాయి కదా, వాటి కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఉత్తరాంధ్ర చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం అక్కడి నుంచే మొదలైంది. ఒకప్పటి మాట ఇది. వానలు పడే వేళకి గూడెంలో గింజ ఉండదు. మైదానం నుంచి వచ్చి స్థిరపడిన షావుకారు విత్తనం అప్పిస్తాడు. పంట చేతికొచ్చాక వడ్డీతో కలిపి గింజల్లోనే తీసుకుంటాడు. దాన్ని నాము అనేవారు. తీరకపోతే భూమి రాసిచ్చి, ఆ భూమిలోనే కంబారిగా, అంటే పాలేరుగా కుదరాలి. ఇక సంతకెళ్లి ధర ఆడే అవకాశమే లేదు. కొండ దిగకముందే సరుకు షావుకారుది. పాత కొలతలూ అతనివే. కుంచం, అడ్డ, మానిక అతని ఇంట్లో ఒక సైజు, బయట ఒక సైజు.

ఈ పట్టు మీదనే 1960ల్లో గిరిజన సంఘాలు లేచాయి. కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు మాస్టార్లు వాటికి నాయకులయ్యారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం మహాసభకి వెళుతున్నవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. అక్కడి నుంచి మొదలైంది శ్రీకాకుళ సాయుధ పోరాటంగా దేశమంతా తెలిసింది. 1970 జూలైలో సత్యం, కైలాసం మాస్టార్లిద్దరూ బోరి కొండల దగ్గర పోలీసుల చేతిలో చనిపోయారు. అదే ఏడాది వచ్చిన 1/70 సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా గట్టి కట్టుదిట్టం చేసింది. వడ్డీ వ్యాపారం మీద అంతకుముందే, 1960లోనే ఒక రెగ్యులేషన్ ఉంది. అది కాగితం దాటి కొండెక్కడానికి ఎన్ని చావులు కావలసి వచ్చాయో ఆ దశాబ్దం చెబుతుంది. ఇప్పటి సంతలో తూకం కాటా మీద జరుగుతోందంటే, డబ్బు అమ్మినవాడి చేతిలోనే పడుతోందంటే, అది దానంతట వచ్చింది కాదు.

కాటా మాట వచ్చింది కాబట్టి, తూనికల శాఖ ముద్ర ఉన్న కాటాలే వాడాలని చట్టం. ఆ ముద్ర ఉన్నదీ లేనిదీ చూసి కొనే గిరాకీ, పట్నం నుంచి వచ్చినవాళ్లలోనైనా, అరుదు.

బేరమంతా తెలుగులోనే సాగుతుంది. తెలుగు రాని పెద్దవాళ్ల తరఫున మనవలు మాట్లాడతారు. సవరలు తమలో తాము మాట్లాడుకునేది సవర. అది తెలుగు కుటుంబపు భాష కాదు, ముండా భాషల్లోది. దాని లెక్కలు వింటే గణితం మాస్టార్లకి సరదా పుడుతుంది. పన్నెండు దాకా పోయాక పదమూడు అనడానికి పన్నెండూ ఒకటీ అంటారు. పందొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై మళ్లీ ఒక జట్టు. ముప్పై రెండు అంటే ఇరవైకి పన్నెండు కలపడం. పదుల్లో లెక్క చెప్పే బేరగాడి ముందు కూర్చుని, లోపల పన్నెండ్లు, ఇరవైల్లో సరిచూసుకుంటూ చిల్లర లెక్కపెట్టుకునే ముసలివాళ్ల నిదానం అప్పుడు అర్థమవుతుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రచురించారు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగుగానే మనకాయన తెలుసు. సవర కోసం ఆయన పడ్డ శ్రమని సీతంపేట కొండల్లో ఇంకా కృతజ్ఞతగా తలచుకుంటారు.

సంతలో ప్రతి గంపా, ప్రతి దుకాణమూ ఆశీలు కట్టాలి. పొద్దున్నే రసీదు పుస్తకం చంకన పెట్టుకుని తిరిగేవాడు పాటదారు మనిషి. సంతలో ఆశీలు వసూలు చేసుకునే హక్కుని ఏడాదికోసారి వేలం వేస్తారు. పాట పాడుకున్నవాడు ముందుగా ఆ సొమ్ము కట్టి, తర్వాత వారం వారం రాబట్టుకుంటాడు. ఉత్తరాంధ్రలో చాలా పంచాయతీలకి ఇంటిపన్ను కన్నా నమ్మకమైన రాబడి ఇదే. వేలంపాట పెరిగితే పంచాయతీకి సంతోషం. ఆ పెరిగింది చివరికి గంప మీద పడుతుంది. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి అడిగితే ఏ సంతలోనైనా ఒకటే జవాబు వినబడుతుంది, వచ్చే ఏడాది అని. పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్న ఆడవాళ్లకి ఆ జవాబు చాలదు.

చట్టం ఇక్కడ ఒక ఆసక్తికరమైన మాట చెప్పింది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకీ, పంచాయతీకీ ఉండాల్సిన అధికారాల్లో సంతల నిర్వహణని పేరు పెట్టి చేర్చింది. గిరిజనులకిచ్చే అప్పుల మీద అదుపునీ ఆ వరసలోనే పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నిబంధనలు 2011లో వచ్చాయి. సంత ఎక్కడ కూర్చోవాలి, ఆశీలు ఎంత, దారిలో బేరాలు ఆపాలా వద్దా అన్నవి గూడెం జనం కూర్చుని తేల్చుకోదగ్గ విషయాలన్న మాట. మలుపులో కావిడి దింపించే బేరాన్ని సంత గట్టు దాకా తేగలిగితే చాలు, అనాసకి లేని నేల కొంతైనా ఏర్పడుతుంది. శీతల గిడ్డంగి, గుజ్జు తీసే యంత్రం వంటి ఖర్చుతో కూడిన ఉపాయాల కన్నా ముందు చేయదగ్గది ఇదే.

మైదానంలోకి దిగితే సంత రంగు మారుతుంది. విజయనగరం జిల్లాలో మానాపురం, అలమండ, కందివలస, శ్రీకాకుళం జిల్లాలో నారాయణవలస పశువుల సంతలకి పేరు. అక్కడ మాటలు తక్కువ. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అన్నదాన్ని బట్టి వయసు. సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు. ధర దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు కిందికి చేతులు పోతాయి. కొనేవాడు, మధ్యవర్తి వేళ్లు పట్టుకుని అంకె చెప్పుకుంటారు. చుట్టూ ఇరవైమంది నిలబడ్డా ఎంతకి తెగిందో ఒక్కడికీ తెలియదు. ఎద్దుకీ కొండ సరుకుకీ ఇక్కడే తేడా. బేరం కుదరకపోతే ఎద్దు తన కాళ్ల మీద తాను ఇంటికి నడిచిపోతుంది. అమ్మేవాడు అందుకే నిబ్బరంగా ఉంటాడు.

సాలూరు దారిలో జాతీయ రహదారి మీదున్న రామభద్రపురం కూరగాయలకి ప్రసిద్ధి. అక్కడి నుంచి లారీలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు పోతాయి. అది చూడ్డానికి వెళ్లేవాళ్లు మాత్రం తెల్లవారకముందే ఉండాలి. ఎండెక్కాక మిగిలేది ఆకులూ తొడిమలే. రైతు నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు పట్నాల్లో పాదుకున్నాయి. కొండ మీది రైతుకి అవి దూరం, అతనికి ఇప్పటికీ సంతే.

సాలూరు ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటితే ఒడిశాలో కుందులి సంత ఉంది, శుక్రవారం. విజయనగరం నుంచి రాయగడ మీదుగా రైల్లో వెళితే బిస్సం కటక్ దగ్గర చాటికోన సంత, బుధవారం. డొంగ్రియా కోందులు నియమగిరి కొండల నుంచి దిగే రోజది. చాటికోనకి విదేశీ యాత్రికులు ఎప్పటి నుంచో బస్సుల్లో వస్తున్నారు. వియత్నాంలో బాక్ హా అనే కొండ ఊరు కూడా ఇలాంటిదే, అక్కడి ఆదివారం సంతకి హ్మోంగ్ జనం రంగురంగుల బట్టల్లో దిగితే వాళ్ల కన్నా కెమెరాలు ఎక్కువ చేరతాయి. సీతంపేటకి ఇంకా ఆ పరిస్థితి రాలేదు. రావాలా వద్దా అన్నది తేల్చాల్సింది సందర్శకులు కాదు. ముక్కుకి పోగులు, చెవికి వరసగా రింగులు ఉన్న ముసలమ్మ మొహం ముందు ఫోను పెట్టేసేముందు ఒక్కమాట అడగడం మర్యాద. చాలామంది వద్దనరు. వద్దన్నప్పుడు ఫోను దించేయాలి. ఫొటో తీసుకుని, ఒక్క కాయ కూడా కొనకుండా వెళ్లిపోయేవాళ్ల మీద అక్కడ విసుర్లు వినబడతాయి, సవరలో కాబట్టి వాళ్లకి అర్థం కావు.

బేరం ఆడొచ్చా అని పట్నంవాళ్లకి సందేహం. ఆడొచ్చు. ఆడకపోతే అమ్మేవాళ్లకే అనుమానం, పిచ్చివాడేమో అని. కాకపోతే పొద్దున్న ఆడే బేరానికీ మధ్యాహ్నం రెండింటికి ఆడే బేరానికీ తేడా గుర్తుండాలి. రెండోది బేరం కాదు, బలవంతం. మూడు కాయలు కొనుక్కునేవాళ్లు ఆ పూట పది రూపాయల కోసం పట్టుబట్టకపోతే నష్టపోయేదేమీ లేదు.

వెళ్లదలచినవాళ్లకి కొన్ని సంగతులు. రైల్లో వస్తే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి పాలకొండ మీదుగా వెళ్లాలి. ఏ నెలకి ఆ సరుకు: చలికాలం చివర చీపుళ్లు, కొండకందులు. ఎండలు ముదిరేలోపు పసుపు, చింతపండు. మే నెలలో పనస, జూన్, జూలైలో అనాస, దసరా చుట్టుపక్కల సీతాఫలం. కొత్త కందులు సవరలు కందికొత్తల పండగ చేశాకే నోట పెడతారు కాబట్టి, పండగ ముందు గూడేలకెళ్లి కందులు కావాలని పేచీ పెట్టకూడదు. ఫోనుతో చెల్లింపు కొన్ని దుకాణాల్లో నడుస్తుంది, నేల మీద గంప పెట్టుకున్నవాళ్ల దగ్గర నడవదు. పది, ఇరవై నోట్లు దగ్గరుంచుకోవాలి. అయిదువందల నోటు ఇస్తే చిల్లర కోసం ఆ అమ్మ గంప వదిలి నాలుగు దుకాణాలు తిరగాలి. సొంత సంచి తీసుకెళ్లాలి. ఎనిమిదిలోపు చేరితే సంత నిండుగా కనబడుతుంది. మధ్యాహ్నం పాలకొండ వైపు బస్సులు గంపలతో, మూటలతో, కోళ్లతో కిక్కిరిసి పోతాయి. కూర్చుని వెళ్లాలనుకున్నవాళ్లు పన్నెండుకల్లా బస్టాండు చేరడం మేలు.